కొయ్యపై చెక్కిన విశ్వాసం: పునరుజ్జీవన యుగపు మత సంబంధ వుడ్‌కట్‌లు - అవగాహన

పునరుజ్జీవన కళ మీద ప్రశ్న రాగానే చాలామంది అభ్యర్థులు లియొనార్డో, మైకెలాంజెలో, రాఫెల్ పేర్లతో జవాబు మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఆ మహాచిత్రాలను ఆ కాలంలో ఎంతమంది చూడగలిగారు? చర్చి గోడ మీదున్న చిత్రాన్ని చూడాలంటే ఆ ఊరు వెళ్లాలి. రాజమందిరంలోని చిత్రాన్ని చూడాలంటే లోపలికి అడుగుపెట్టే అర్హత ఉండాలి. అదే కాలంలో జర్మనీ సంతల్లో, యాత్రాస్థలాల్లో కొద్దిపాటి సొమ్ముకు దొరికి, సామాన్యుడి ఇంటి గోడకెక్కిన బొమ్మలు వుడ్‌కట్‌లు. యూరప్‌లో మత సంబంధ చిత్రం మొదటిసారి వేల ఇళ్లకు చేరింది వీటి ద్వారానే.

యూజీసీ-నెట్ విజువల్ ఆర్ట్, ఫైన్ ఆర్ట్స్ పీజీ ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి ఇది ప్రింట్‌మేకింగ్ పాఠంలో భాగం. చరిత్ర అభ్యర్థులకు పునరుజ్జీవనం, ముద్రణ, మత సంస్కరణోద్యమం అనే మూడు అధ్యాయాలను కలిపే అంశం. ఇక్కడ ప్రతీకల జాబితాను కంఠస్థం చేస్తే చాలదు. ఏ ప్రతీకనైనా కొయ్య మీద ఎలా చెక్కారో, ఆ చెక్కడం వల్ల దాని అర్థం ఎలా పదునెక్కిందో చెప్పగలిగితేనే జవాబు పూర్తవుతుంది.

వుడ్‌కట్ అంటే ఏమిటి?

చదునుగా చిత్రిక పట్టిన కొయ్య దిమ్మ మీద బొమ్మ గీస్తారు. నల్లగా పడాల్సిన గీతలను అలాగే ఉంచి, వాటి చుట్టూ ఉన్న కొయ్యను కత్తితో, ఉలితో తొలగిస్తారు. మిగిలిన గీతలు ఉబ్బెత్తుగా నిలుస్తాయి. వాటికి సిరా పట్టించి కాగితం మీద అద్దితే బొమ్మ పడుతుంది. మన కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే కొయ్య అచ్చులను చూసినవారికి ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది. అక్కడ బట్ట, ఇక్కడ కాగితం. ఉబ్బెత్తు భాగమే రంగు మోస్తుందన్న నియమం రెండింటికీ ఒకటే.

ముద్రణ పద్ధతుల మధ్య తేడాలపై తరచూ ప్రశ్నలు వస్తాయి కాబట్టి వీటిని స్పష్టంగా గుర్తుంచుకోవాలి.

• రిలీఫ్: ఉబ్బెత్తు భాగానికి సిరా అంటుతుంది. ఉదాహరణలు వుడ్‌కట్, లినోకట్.
• ఇంటాగ్లియో: రాగి రేకు మీద గీసిన గాడిలో సిరా నిలుస్తుంది, పైభాగాన్ని తుడిచేస్తారు. ఉదాహరణలు ఎన్‌గ్రేవింగ్, ఎచింగ్.
• ప్లానోగ్రఫీ: ఎత్తుపల్లాలు లేని సమతలం మీద నుంచి ముద్రణ. ఉదాహరణ లితోగ్రఫీ. ఇది 18వ శతాబ్దం చివర్లో వచ్చింది కాబట్టి పునరుజ్జీవన యుగానికి సంబంధం లేదు.

వుడ్‌కట్‌ను, వుడ్ ఎన్‌గ్రేవింగ్‌ను ఒకటిగా రాయకూడదు. వుడ్‌కట్‌లో దుంగను నిలువుగా కోసిన పలకను వాడతారు, అంటే కొయ్య పోగు పలక వెంబడే సాగుతుంది. వుడ్ ఎన్‌గ్రేవింగ్‌లో దుంగను అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కుతారు. ఈ రెండో పద్ధతిని 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ బ్యూయిక్ ఉన్నతస్థాయికి తీసుకెళ్లాడు.

చారిత్రక నేపథ్యం

వుడ్‌కట్ విస్తరించాలంటే ముందు కాగితం కావాలి. జర్మనీలో తొలి కాగితపు మిల్లును 1390లో ఉల్మన్ స్ట్రోమర్ న్యూరెంబర్గ్‌లో నెలకొల్పాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పునీతుల బొమ్మలు విడి కాగితాలుగా అచ్చయ్యాయి. యాత్రికులు వాటిని కొనుక్కుని ఇంటి గోడలకు, పెట్టెల మూతలకు, పుస్తకాల అట్టల లోపల అంటించుకున్నారు.

తేదీ ఉన్న తొలి యూరప్ వుడ్‌కట్‌లలో ప్రసిద్ధమైనది 1423 నాటి 'బుక్స్‌హైమ్ సెయింట్ క్రిస్టఫర్'. బాలయేసును భుజాన మోస్తూ నది దాటుతున్న క్రిస్టఫర్ అందులో కనిపిస్తాడు. అతని ముఖం చూసిన రోజున దుర్మరణం సంభవించదన్న నమ్మకాన్ని తెలిపే వాక్యాలు బొమ్మ కింద ఉన్నాయి. ఈ ముద్ర ఇప్పుడు మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉంది. ఇక్కడ బొమ్మ రక్షణ కవచంగానూ పనిచేసింది. మత సంబంధ వుడ్‌కట్‌లను అర్థం చేసుకోవడానికి ఇది మొదటి మెట్టు.

15వ శతాబ్దం మధ్యలో బొమ్మను, అక్షరాన్ని ఒకే దిమ్మ మీద చెక్కిన 'బ్లాక్ బుక్స్' వచ్చాయి. పాత నిబంధన ఘట్టాలను కొత్త నిబంధన ఘట్టాలతో జతచేసి చూపే 'బిబ్లియా పౌపెరమ్', మరణవేళ ఆత్మ ఎలా సిద్ధపడాలో బోధించే 'ఆర్స్ మోరియెండి' వీటిలో ముఖ్యమైనవి. 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ బైబిల్ వెలువడింది. 1460ల తొలినాళ్లలో బాంబెర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫిస్టర్ లోహపు అక్షరాలతో పాటు వుడ్‌కట్‌లను చేర్చి పుస్తకాలు అచ్చువేశాడు. అక్షరమూ, కొయ్య దిమ్మా రెండూ ఉబ్బెత్తు ముద్రణే. దిమ్మ మందాన్ని అక్షరం ఎత్తుకు సరిచేస్తే రెండింటినీ ఒకే చట్రంలో బిగించి ఒకే అదుముతో అచ్చు తీయవచ్చు. రాగి రేకుకు ఈ సౌలభ్యం లేదు, దానికి వేరే ప్రెస్సు కావాలి. పుస్తకాల్లో వుడ్‌కట్ రాజ్యమేలడానికి అసలు కారణం ఇదే.

తయారీ క్రమం: ఎవరి పని ఏది?

జర్మన్ పట్టణాల్లో ఒక వుడ్‌కట్ వెనుక సాధారణంగా పలువురి శ్రమ ఉండేది.

• రూపకర్త బొమ్మను నేరుగా దిమ్మ మీద గాని, దిమ్మకు అంటించే కాగితం మీద గాని గీస్తాడు.
• ఫార్మ్‌ష్నైడర్, అంటే దిమ్మ చెక్కేవాడు, గీతలను మిగిల్చి తక్కిన కొయ్యను తీసేస్తాడు.
• ముద్రాపకుడు తోలు బంతితో సిరా అద్ది ప్రెస్సులో కాగితం మీద అదుముతాడు.
• బ్రీఫ్‌మాలర్, అంటే రంగులు వేసేవాడు, అచ్చయిన బొమ్మకు చేత్తో గాని, కోసిన అచ్చుకాగితం సాయంతో గాని రంగులు పూస్తాడు.

దిమ్మకు పియర్ (బేరి) చెట్టు కొయ్యను ఎక్కువగా వాడేవారు. దాని పోగు సన్నగా, సమంగా ఉండటంతో సూక్ష్మమైన గీత కూడా విరగకుండా నిలుస్తుంది. దిమ్మ మీది బొమ్మ కాగితం మీద కుడిఎడమలు తారుమారై పడుతుంది. ఆశీర్వదించే కుడిచెయ్యి కుడిచెయ్యిగానే పడాలంటే, సంతకం తిన్నగా చదవగలగాలంటే, కొయ్య మీద వాటిని తిరగేసి చెక్కాలి.

ఒక దిమ్మ నుంచి వందల ప్రతులు తీయవచ్చు. కాలక్రమంలో గీతలు అరిగిపోతాయి, అంచులు విరుగుతాయి, పురుగు తొలిచిన రంధ్రాలు తెల్లని చుక్కలుగా పడతాయి. కాగితంలోని నీటిగుర్తులతో పాటు ఈ లోపాలను కూడా పరిశీలించి ఏ ప్రతి ముందుదో, ఏది తర్వాతదో పరిశోధకులు తేలుస్తారు. దిమ్మలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. డ్యూరర్ 'స్మాల్ పాషన్' దిమ్మలలో అధిక భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, 'సింహాన్ని చీల్చుతున్న సమ్సోను' దిమ్మ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

ప్రతీకల భాష

చదువురాని భక్తుడు కూడా బొమ్మలోని వ్యక్తి ఎవరో చూడగానే పోల్చుకోవాలి. అందుకు క్రైస్తవ కళ శతాబ్దాలుగా గుర్తులను స్థిరపరిచింది. పరీక్షకు ముఖ్యమైనవి ఇవి.

• నలుగురు సువార్తికులు: మత్తయికి రెక్కల మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద.
• పునీతులు: పేతురుకు తాళంచెవులు, పౌలుకు ఖడ్గం, జెరోముకు సింహం, కార్డినల్ టోపీ, కేథరిన్‌కు విరిగిన చక్రం, ఖడ్గం, సెబాస్టియన్‌కు బాణాలు.
• కన్య మరియ: లిల్లీ పువ్వు పవిత్రతకు, చుట్టూ కంచె కట్టిన తోట కన్యత్వానికి గుర్తులు. కాళ్ల కింద నెలవంక ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలోని స్త్రీని సూచిస్తుంది.
• క్రీస్తు: తల చుట్టూ శిలువ గుర్తున్న తేజోవలయం, గొర్రెపిల్ల. పావురం పరిశుద్ధాత్మకు గుర్తు.
• శిలువ పాదం దగ్గర పుర్రె: ఆదాము సమాధి మీదే శిలువ నిలిచిందన్న పురాతన విశ్వాసానికి, మరణంపై విజయానికి సంకేతం.

ఈ గుర్తులన్నీ వస్తురూపంలో ఉండటం గమనించాలి. తాళంచెవి, చక్రం, బాణం వంటివి బయటి గీతతోనే పోల్చుకోదగ్గవి. మందమైన నల్లగీత మాత్రమే సాధ్యమైన తొలి వుడ్‌కట్‌కు ఇలాంటి గుర్తులు సరిగ్గా అమరాయి. ముఖకవళికల్లోని సున్నితత్వం కొయ్య మీద పోయినా గుర్తు పోలేదు.

ప్రధాన ఉదాహరణ: డ్యూరర్ 'అపోకలిప్స్' (1498)

ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1471 మే 21న న్యూరెంబర్గ్‌లో పుట్టాడు, 1528 ఏప్రిల్ 6న అక్కడే మరణించాడు. తండ్రి హంగరీ నుంచి వలస వచ్చిన స్వర్ణకారుడు. జ్ఞానపిత (గాడ్‌ఫాదర్) ఆంటన్ కోబెర్గర్ ఆ కాలపు జర్మనీలో పెద్ద ముద్రాపకుడు. 1486 నుంచి డ్యూరర్ మైకెల్ వోల్గెముట్ వద్ద శిష్యరికం చేశాడు. కోబెర్గర్ 1493లో అచ్చువేసిన 'న్యూరెంబర్గ్ క్రానికల్'కు బొమ్మలు సమకూర్చింది వోల్గెముట్, విల్‌హెల్మ్ ప్లైడెన్‌వుర్ఫ్. అందులో 645 దిమ్మలతో 1,800కు పైగా బొమ్మలు పడ్డాయి. ఒకే దిమ్మ వేర్వేరు నగరాలకు, వేర్వేరు రాజులకు బొమ్మగా మళ్లీమళ్లీ వాడుకలోకి వచ్చిందన్నమాట. డ్యూరర్ నేర్చుకున్న లోకం అది. కొద్ది సంవత్సరాల్లోనే అతను ఆ పద్ధతిని దాటేశాడు.

1498లో డ్యూరర్ ప్రకటన గ్రంథాన్ని (అపోకలిప్స్) లాటిన్, జర్మన్ భాషల్లో రెండు కూర్పులుగా తానే ప్రచురించాడు. ఒక చిత్రకారుడు రూపకల్పన నుంచి ప్రచురణ వరకు సొంతంగా చేపట్టిన తొలి పుస్తకంగా కళాచరిత్ర దీన్ని గుర్తిస్తుంది. మొత్తం 15 పూర్తి పేజీ వుడ్‌కట్‌లు, ఒక్కొక్కటి సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 28 సెంటీమీటర్ల వెడల్పు. బొమ్మకు కుడిపేజీ మొత్తం కేటాయించి వచనాన్ని వెనుక పేజీల్లో అచ్చువేయడంతో బొమ్మే ప్రధానమైంది. 1511లో రెండో లాటిన్ కూర్పు వచ్చినప్పుడు ముఖచిత్రంగా మరో వుడ్‌కట్ చేర్చాడు.

నలుగురు గుర్రపు రౌతులు: ప్రతీకా, శిల్పమూ కలిసిన చోటు

ఈ వరుసలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 'నలుగురు గుర్రపు రౌతులు'. ఆధారం ప్రకటన గ్రంథం 6వ అధ్యాయం. మొదటి రౌతుది తెల్ల గుర్రం, చేతిలో విల్లు, తలపై కిరీటం. రెండోవాడిది ఎర్ర గుర్రం, చేతిలో ఖడ్గం. మూడోవాడిది నల్ల గుర్రం, చేతిలో త్రాసు. నాలుగోవాడిది పాలిపోయిన గుర్రం, అతని పేరే మృత్యువు, వెంట పాతాళం నడుస్తుంది. విల్లును విజయయాత్రకు, ఖడ్గాన్ని యుద్ధానికి, త్రాసును కరవుకు గుర్తులుగా వ్యాఖ్యానిస్తారు. తిండిగింజలను తూచి అమ్మే రోజులు వస్తే అది కరవే కదా.

గ్రంథం గుర్రాలను రంగులతో వేరుచేసింది. నలుపు తెలుపు వుడ్‌కట్‌లో ఆ రంగులు లేవు. అందుకే డ్యూరర్ భారమంతా ఆయుధాల మీద, శరీరాల మీద పెట్టాడు. బలిసిన మూడు గుర్రాల పక్కన, అన్నిటికంటే ముందుకు, ఎముకలు తేలిన బక్క గుర్రం వస్తుంది. దాని మీద డొక్కలెండిన ముసలి మృత్యువు చేతిలో త్రిశూలం వంటి ఆయుధం పట్టుకుని ఉంటుంది. కింది ఎడమమూలలో పాతాళం నోరు తెరిచి కిరీటధారిని మింగుతుంటుంది. రంగు లేకపోవడం ఇక్కడ లోటుగా తోచదు. రంగు చెప్పాల్సిన మాటను ఆకారం చెప్పింది.

కూర్పును కూడా చూడాలి. నలుగురినీ ఒకరి పక్కన ఒకరు ఒరుసుకుంటున్నట్లు ఏటవాలుగా పేర్చాడు. కింది ఎడమవైపు మృత్యువు, పై కుడివైపు విలుకాడు. ఆకాశమంతా దగ్గరదగ్గరగా సాగే అడ్డగీతలు. వాటి మీదుగా దూసుకొచ్చే గుర్రాల వేగం కంటికి తెలుస్తుంది. డెక్కల కింద జనం నలుగుతుంటే తలల పైన దేవదూత ఎగురుతుంటాడు. ఈ విధ్వంసం దైవసంకల్పంలో భాగమని ఆ దూత సూచిస్తాడు.

ఇతర చిత్రాల్లో గమనించాల్సినవి

• 'పునీత యోహాను హింస': ఇది ప్రకటన గ్రంథంలో లేని ఘట్టం, పునీతుల కథల సంప్రదాయం నుంచి వచ్చింది. యోహానును మరిగే నూనెలో వేయించే రోమన్ చక్రవర్తి డొమిషియన్‌కు ఇక్కడ తురుష్క తలపాగా, వస్త్రాలు వేశాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం తర్వాత యూరప్‌లో వ్యాపించిన ఆటోమన్ భయం ఈ వేషంలో కనిపిస్తుంది.

• 'ఏడు దీపస్తంభాలు': ఏడింటినీ ఏడు వేర్వేరు నమూనాల్లో, నగిషీలతో సహా గీశాడు. స్వర్ణకారుడి ఇంట పెరిగిన చెయ్యి ఇక్కడ తెలిసిపోతుంది. క్రీస్తు నోటి నుంచి ఖడ్గం, చేతిలో నక్షత్రాలు ఉంటాయి.

• 'గ్రంథాన్ని మింగుతున్న యోహాను': దూత పాదాలు అగ్నిస్తంభాల వంటివని గ్రంథం చెబితే, డ్యూరర్ ఆ దూతకు కాళ్లకు బదులు నిజంగానే మండే స్తంభాలు పెట్టాడు. ఉపమానాన్ని అక్షరాలా దృశ్యంగా మార్చిన ఉదాహరణ అడిగితే ఇదే రాయాలి.

• 'ఘటసర్పంతో మిఖాయేలు యుద్ధం': పైన ఆకాశంలో దేవదూతల పోరు, కింద ప్రశాంతమైన పల్లెసీమ. పై భాగాన్ని దట్టమైన గీతలతో నింపి, కింది భాగాన్ని తేలికగా వదలడంతో పరలోక సంఘర్షణకు, భూలోక నిశ్శబ్దానికి మధ్య తేడా గీతల సాంద్రతలోనే తెలుస్తుంది.

గీతలో వచ్చిన మార్పు

డ్యూరర్‌కు ముందు వుడ్‌కట్‌లో గీత ప్రధానంగా హద్దు చూపేది, లోపలి భాగాన్ని రంగు నింపేది. డ్యూరర్ గీతకు మూడు కొత్త పనులు అప్పగించాడు.

1. గీత మందం మారుతూ ఉంటుంది. ఒకచోట ఉబ్బి, మరోచోట సన్నబడి ఒంటి గుండ్రదనాన్ని, బట్ట మడతను చూపుతుంది. ఈ లక్షణాన్ని అతను మార్టిన్ షోన్‌గావర్ రాగి ఎన్‌గ్రేవింగ్‌ల నుంచి గ్రహించి కొయ్యకు తెచ్చాడు.
2. సమాంతర గీతలు, అడ్డంగా కోసుకునే గీతలు కలిసి నలుపు తెలుపుల మధ్య నడిమి ఛాయలను పుట్టిస్తాయి. దాంతో చేతిరంగు అవసరం తీరిపోయింది.
3. కాగితపు తెలుపే వెలుగవుతుంది. దిమ్మ మీద కొయ్యను చెక్కి తీసేసిన చోటే కాగితం మీద కాంతి. తేజోవలయం, మంట, మెరుపు అన్నీ ఇలా పుట్టినవే.

డ్యూరర్ మరణించిన 1528లోనే మానవతావాది ఎరాస్మస్ అతన్ని గ్రీకు చిత్రకారుడు అపెల్లిస్‌తో పోల్చి, అపెల్లిస్ రంగులతో సాధించినదాన్ని ఇతను నల్లని గీతలతోనే సాధించాడని మెచ్చుకున్నాడు. అపోకలిప్స్ దిమ్మలను డ్యూరర్ స్వయంగా చెక్కాడా, వృత్తి కళాకారుల చేత చెక్కించాడా అన్న విషయంపై పరిశోధకుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. జవాబులో ఏదో ఒకటి ఖాయంగా రాయకుండా ఈ వాదాన్ని ప్రస్తావించాలి.

1511: పుస్తకాలు, సంతకం, హక్కు

1511లో డ్యూరర్ 'లార్జ్ పాషన్', 'లైఫ్ ఆఫ్ ద వర్జిన్', 'స్మాల్ పాషన్' పుస్తకాలను వెలువరించాడు. పాషన్ అంటే క్రీస్తు శ్రమల ఘట్టాలు. మూడింటికీ లాటిన్ పద్యాలు రాసినది బెనెడిక్టస్ చెలిడోనియస్ అనే సన్యాసి. ముఖచిత్రాలతో కలిపి 'లార్జ్ పాషన్'లో 12, 'లైఫ్ ఆఫ్ ద వర్జిన్'లో 20, 'స్మాల్ పాషన్'లో 37 వుడ్‌కట్‌లున్నాయి.

వ్యాపారంలోనూ డ్యూరర్ కొత్తదారి తొక్కాడు. 1497లోనే ముద్రలను ఊరూరా అమ్మేందుకు మనిషిని ఒప్పందం మీద పెట్టుకున్నాడు. భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతలో అమ్మేది. పెద్ద 'ఏ' అక్షరం కాళ్ల మధ్య 'డి' ఉండే అతని సంతకం ముద్ర నాణ్యతకు హామీగా మారింది. ఇటలీలో మార్కాంటోనియో రైమోండి 'లైఫ్ ఆఫ్ ద వర్జిన్' బొమ్మలను ఈ సంతకంతో సహా రాగి మీదికి ఎక్కించి అచ్చువేశాడు. 1511 నాటి పుస్తకాల చివర మాక్సిమిలియన్ చక్రవర్తి ఇచ్చిన అధికారాన్ని పేర్కొంటూ, నకలు తీయవద్దని డ్యూరర్ హెచ్చరిక అచ్చువేయించాడు. మేధోసంపత్తి హక్కుల చరిత్రలో ఈ ఘట్టాన్ని తప్పక ఉదహరిస్తారు.

మత సంస్కరణోద్యమంలో వుడ్‌కట్

1517లో మార్టిన్ లూథర్ పాప పరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించాక, భక్తిని పెంచిన సాధనమే మతవివాదానికీ ఆయుధమైంది. చిత్రకారుడు లూకాస్ క్రనాక్ 1521లో 'పాషనల్ క్రిస్టీ ఉండ్ యాంటీక్రిస్టీ'లో 13 జతల బొమ్మలు సమకూర్చాడు. ప్రతి జతలో ఒకవైపు క్రీస్తు వినయం, ఎదురుగా పోపు వైభవం. పక్కపక్కన పెట్టిన రెండు బొమ్మలే అక్కడ విమర్శ.

1522 సెప్టెంబరులో విట్టెన్‌బర్గ్ నుంచి లూథర్ జర్మన్ కొత్త నిబంధన వెలువడింది. అందులోని ప్రకటన గ్రంథానికి క్రనాక్ కార్యశాల 21 వుడ్‌కట్‌లు చేసింది. కూర్పులో డ్యూరర్ ప్రభావం స్పష్టం. అయితే మహా బబులోను స్త్రీ తలపై పోపు ధరించే మూడంచెల కిరీటం పెట్టారు. వ్యతిరేకత రావడంతో అదే ఏడాది డిసెంబరు కూర్పుకు ఆ కిరీటం పై అంచెలను దిమ్మ మీదే చెక్కి తీసేసి మామూలు కిరీటంగా మార్చారు. అంగుళం కూడా లేని కొయ్యముక్క తొలగించడంతో బొమ్మ రాజకీయ అర్థం మారిపోయింది. ప్రతీకకూ, చెక్కడానికీ ఉన్న బంధానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

డ్యూరర్ 1523లో చేసిన 'చివరి రాత్రి భోజనం' వుడ్‌కట్‌నూ ఈ నేపథ్యంలోనే చదవాలి. యూదా వెళ్లిపోయాడు, పదకొండుమంది శిష్యులే ఉన్నారు. బల్ల మీద ద్రాక్షారసపు పాత్ర తప్ప ఏమీ లేదు. నేల మీద ఖాళీ పళ్లెం, రొట్టెల బుట్ట, రసం కూజా. రొట్టెతో పాటు ద్రాక్షారసాన్నీ సామాన్య విశ్వాసులకు ఇవ్వాలన్న లూథర్ వర్గం వాదనకు ఈ సరళతను అనేకమంది పండితులు ముడిపెడతారు. రెండేళ్లకు, 1525లో, న్యూరెంబర్గ్ నగరం లూథరన్ పక్షం వహించింది.

ఇతర కళాకారులు

• హాన్స్ హోల్‌బైన్: 'మృత్యు నృత్యం' 1538లో లియోన్‌లో పుస్తకంగా వచ్చింది. పోపు, చక్రవర్తి, రైతు, పసిబిడ్డ ఎవరినీ మృత్యువు వదలదు. దిమ్మలు చెక్కిన హాన్స్ లుట్సెల్‌బర్గర్ పుస్తకం వెలువడక ముందే, 1526లో మరణించాడు.
• హాన్స్ బుర్క్‌మయర్, క్రనాక్: ఒకే బొమ్మకు ఒకటికి మించిన దిమ్మలు, రంగులు వాడే కియరోస్కురో వుడ్‌కట్‌కు జర్మనీలో ఆద్యులు.
• ఉగో దా కార్పి: కియరోస్కురో పద్ధతికి 1516లో వెనిస్ నుంచి ప్రత్యేక హక్కు కోరాడు.
• టీషియన్: 12 దిమ్మలతో రూపొందిన 'ఎర్ర సముద్రంలో ఫరో సైన్యం మునక' వుడ్‌కట్‌ను గోడచిత్రం స్థాయికి పెంచింది.

భారత్‌తో సంబంధం

1556లో గోవాలో జెసూట్‌ల చేతుల మీదుగా భారత్‌లో తొలి ప్రెస్సు మొదలైంది. 1580లో అక్బర్ కొలువుకు వచ్చిన జెసూట్ బృందం సచిత్ర బైబిల్‌ను కానుకగా తెచ్చింది. మొఘల్ చిత్రకారులు యూరప్ ముద్రలను శ్రద్ధగా అధ్యయనం చేశారు. బాల కళాకారుడు అబుల్ హసన్ 1600 ప్రాంతంలో డ్యూరర్ శిలువ చిత్రంలోని యోహాను రూపాన్ని చూసి గీసిన బొమ్మ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. అతను చూసి గీసిన మూలం 1511 నాటి రాగి ఎన్‌గ్రేవింగ్. దాన్ని వుడ్‌కట్ అని రాస్తే తప్పు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు కూడా క్రైస్తవ రచనలే. బెంజమిన్ షుల్జ్ కృషితో 1740లలో జర్మనీలోని హాలేలో అవి అచ్చయ్యాయి.

జవాబు ఎలా రాయాలి?

'వుడ్‌కట్‌ను విశ్లేషించండి' అని అడిగితే నాలుగు మెట్లు పాటించండి. మొదట బొమ్మలో ఏముందో వరుసగా చెప్పాలి. తర్వాత గ్రంథాధారం, ప్రతీకల అర్థం. మూడోది గీత, ఛాయ, కూర్పు, దిమ్మ పని. చివరగా ఆ బొమ్మ ఎవరికి చేరింది, ఏ కాలపు భయానికి లేదా వాదానికి జవాబిచ్చింది అన్న చారిత్రక సందర్భం. రెండో మెట్టు దగ్గరే ఆగిపోయేవారు ఎక్కువ. మూడో మెట్టు మీ జవాబును ప్రత్యేకంగా నిలబెడుతుంది.

మాదిరి ప్రశ్నలు

1. డ్యూరర్ 1498 'అపోకలిప్స్'లో పూర్తి పేజీ వుడ్‌కట్‌లు ఎన్ని?
జవాబు: 15

2. 'నలుగురు గుర్రపు రౌతులు'లో త్రాసు దేనికి ప్రతీక?
జవాబు: కరవు

3. వుడ్‌కట్ ఏ ముద్రణ వర్గానికి చెందుతుంది?
జవాబు: రిలీఫ్

4. 1522 సెప్టెంబరు, డిసెంబరు కూర్పుల మధ్య క్రనాక్ కార్యశాల దిమ్మలో వచ్చిన మార్పు ఏమిటి?
జవాబు: మహా బబులోను స్త్రీ మూడంచెల కిరీటం మామూలు కిరీటమైంది

5. హోల్‌బైన్ 'మృత్యు నృత్యం' దిమ్మలు చెక్కినది ఎవరు?
జవాబు: హాన్స్ లుట్సెల్‌బర్గర్

6. వ్యాసరూప ప్రశ్న: 'వుడ్‌కట్ సాంకేతికతే దాని ప్రతీకల స్వభావాన్ని నిర్ణయించింది.' డ్యూరర్, క్రనాక్ ఉదాహరణలతో చర్చించండి.
సూచన: రంగు లేని చోట ఆకారం మోసిన అర్థం, చెక్కి తీసిన చోట పుట్టిన వెలుగు, దిమ్మ సవరణతో మారిన భావం అనే మూడు అంశాల చుట్టూ జవాబు అల్లండి.

అభ్యర్థులకు చివరిగా ఒక మాట. ఈ పాఠాన్ని తేదీలతో సరిపెట్టుకోకండి. 'నలుగురు గుర్రపు రౌతులు' స్పష్టమైన ప్రతి పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పెద్దది చేసి ఒక్కో గీత ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడిందో ఓపికగా చూడండి. అలా ఒక్క బొమ్మను శ్రద్ధగా చదివినవారికి ఈ అంశంపై ఏ ప్రశ్న వచ్చినా సొంత మాటల్లో జవాబు రాసే శక్తి వస్తుంది.